ఇరవై ముగ్గురం

పందొమ్మిదేండ్లు కాగితాలు లెక్కబెట్టిన చేతులు నావి.
బల్లార్షా మిల్లు, ఫినిషింగు హాలు.
అంచు పట్టి విసనకర్ర లెక్క విప్పి
అయిదు అయిదుగ బొటనవేలి కిందికెళ్ళి దాటిస్తే
అయిదు వందలు, ఒక రీము.
నాలుగు వందల తొంభై తొమ్మిదొస్తే
అది రీము కాదు, తప్పు.
సూపర్‌వైజరు కట్ట విప్పి మొకం ముందట పెట్టేటోడు.

అందుకే అడుగుతున్న, రాజలింగూ,
"కొందరు" అంటే ఎంతమంది?

ఆదివారం పొద్దుగూకంగ బస్టాండు ముందు
మేం ఇరవై ముగ్గురం.
నువ్వొచ్చినవ్. బండి దిగలే.
హెల్మెటు తియ్యకుంటనే ఒక ఫోటో కొట్టి పోయినవ్.
తెల్లారి మూడో పేజీల
పత్తి ధర కింద, సోయా ధర కింద:
"కొందరు గుమిగూడి రాకపోకలకు అంతరాయం."
ఏ రాకపోకలు?
గడ్‌చాందూరు బస్సు ఆ రోజు రానే లేదు.

ఎవరెవరో చెప్త, రాసుకో.
దర్జీ షబ్బీరు, ఆయన భార్య జరీనా.
లెక్కల టీచరు ప్రజ్ఞా ఖోబ్రాగడే.
భీంరావు సీడాం, ఊరు బొగ్గుగని కింద పోయినోడు,
ఇల్లు పోవుడంటే ఏందో ఆయనకొకరు చెప్పాల్నా?
నాతోని కటింగుల చేసిన ఓదెమ్మ,
మోకాళ్ళు నిలవయి, కుర్చీ తెచ్చుకున్నది.
మిగిలినోళ్ళకూ పేర్లున్నయి. అడిగితే చెప్తరు.

మా చేతుల్ల మిల్లు రద్దు కాగితం.
ఒక్కోదాని మీద గాజాల సచ్చిపోయిన ఒక్కో పిల్ల పేరు, వయసు.
నాకొచ్చింది హనీన్, నాలుగేండ్లు.
నాకొచ్చిన అక్షరం తెలుగే, తెలుగులనే రాసిన.
"ని" అని పొట్టిగ రాస్తే
జరీనా చదివించుకొని విని, సాగాలె అన్నది.
గుడికి దీర్ఘమిచ్చిన.
పేరు ఆ కొంచెం పొడుగైంది.
వయసు కాలే.

నీ ఫోటోల ఆ కాగితాలన్నీ తెల్లగ పడ్డయి.
ఎండ ఎదురు కొట్టిందేమో. నేనేం అంటలే.

అదే పేజీల ఇంకో మూల రెండు లైన్లు:
"బాంబు పడి పదకొండు మంది మృతి."
వాన పడుతది, తమ్మీ. పిడుగు పడుతది.
పండిన ఇప్పపువ్వు తనంత తాను పడుతది.
బాంబు పడది. ఏస్తరు.
ఏసినోనికి ఒక పేరుంటది, ఒక సర్కారుంటది.
నీ వాక్యంల ఆ జాగ ఖాళీ.
రాత్రిబడి పంతులు గిట్లనే రాస్తే
కర్త ఏడుందే అని పలక గుంజుకునేటోడు.

మమ్ముల పొగడమంటలేను.
ఎనకకెళ్ళి ఒక పోరడు అనరాని మాటన్నడు,
ప్రజ్ఞా టీచరు చెవి పట్టి పక్కకు గుంజుకపోయింది.
అదీ రాయి. రెండూ రాయి.
ఆ అక్టోబరు పొద్దున అవతల దిక్కు సచ్చినోళ్ళకూ
పేర్లున్నయి, పిల్లలున్నరు. వాళ్ళకూ జాగ ఇయ్యి.
కాగితానికి కరువు లేదు, ఆ సంగతి నాకెరుకే.
ఇన్‌స్పెక్టరు మాట మూడు లైన్లు రాసినవ్,
మా మాట ఒక్క లైనన్న అడుగు.
"అనుమానం" అని రాసెటప్పుడు
ఎవనికి, ఎందుకు, ఏం చూసి
అని నిన్ను నువ్వే అడుగు.

ఫోనుల అన్నవ్:
"చిన్నమ్మా, ఇరవై ముగ్గురనే పంపిన. డెస్కుల కోసిండ్రు.
నాకు లైనుకింత అని పైసలు."
సగం నమ్మిన.
మా కటింగు మిషనుకూ గంతే,
బ్లేడు ఒక దగ్గర ఉంటది,
బటను ఒత్తే ఏలు ఇంకో దగ్గర.

వచ్చే ఆదివారం మళ్ళ నిలబడతం.
ఓదెమ్మ రాది, మోకాలు ఆపరేషను.
ఇరవై రెండు అని రాయి.
ఇరవై మూడు అని పడ్డదా,
నేనే ఫోను చేసి దిద్దమంట.