ఏ-19

మెడలో అట్టబిళ్ళ: ఆహ్వానిత వక్త.
కింద నా పేరు, నపూలా.
ఫ రావాలి బాబూ అంటే
నమోదు బల్ల దగ్గరి కుర్రాడు నాలుక కరుచుకుని
పెన్నుతో దిద్దిచ్చాడు.

కిసుములో పొద్దున్నే ఉక్క.
హాలు కిటికీలోంచి సరస్సు కనబడదు.
గుర్రపుడెక్క ఒత్తుగా కమ్ముకుని
నీళ్ళుండాల్సిన చోట ఎవరిదో పొలం ఉన్నట్టుంది.
దాని వేళ్ళ సందున కలరా ఎలా కాపురముంటుందో చెప్పడానికే
నైరోబీలో రాత్రి బస్సెక్కాను.

మంత్రిగారు గంటన్నర ఆలస్యం.
ప్రార్థన, జాతీయగీతం, మూడు స్వాగతాలు.
నా నలభై నిమిషాలు పదహారుకి దిగాయి.
లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని
ముందు వరసలోనే స్లైడ్లు చెరిపాను.
పద్ధతులు పోయాయి, రెండు పటాలు పోయాయి,
కృతజ్ఞతలు ఎలాగూ ఎవరూ చదవరు.
మిగిలింది వంశవృక్షం,
మొదట్లో తల్లివేరులా ఏ-19.

"తొమ్మిదేళ్ళ కిందటి వానల్లో దొరికింది.
ఏ అంటే మొదటి విడత.
మైనస్ ఎనభైలో ఇప్పటికీ బతికే ఉంది" అన్నాను.
ఆ మాటకి కాస్త నవ్వు కూడా వచ్చింది హాల్లో.

వెనక ఒకాయన లేచాడు.
ఎరువు సూటు, భుజాలు జారుతున్నాయి.
మైకు చేతికందే దాకా నోరు విప్పలేదు.
"ఒచోలా, జిల్లా ఆసుపత్రి లాబు.
ప్రశ్న కాదు డాక్టర్.
ఆ సీసా మీద రాసింది నేను.
ఏ అంటే అకోత్. పిల్ల పేరు.
పంతొమ్మిది మంచం నెంబరు,
మంచాలు పన్నెండే, తనది నడవాలో చాప."

అధ్యక్షుడు గంట కొట్టాడు.

అకోత్ అంటే లువోలో వానప్పుడు పుట్టింది.
మా బుకుసులో నఫూలా అన్నా అంతే.
ఇన్నేళ్ళూ ఆ సీసాని
చేతితొడుగు తీయకుండానే పట్టుకున్నాను.

భోజనాల దగ్గర ఆ చెరిపిన స్లైడు వెతికి తీశాను.
పదకొండు పేర్లు, నిధులిచ్చిన వాళ్ళ ముద్రలు.
ఒచోలా లేడు.
చెరపకముందూ లేడు.

అతను నా ఎదురుగానే కూర్చుని
తిలాపియా తల చీకుతున్నాడు.
అడగడానికి ఉగాలి సగం అయ్యేదాకా పట్టింది:
"ఆ పిల్ల?"
"పదమూడేళ్ళు. లెక్కలంటే ఏడుపు,
ఈత మాత్రం చేపే."
"ఎక్కడ ఈదుతుంది?"

నోట్లో ముల్లు తీసుకుంటూ
గడ్డంతో కిటికీ వైపు చూపించాడు.