ఐదో సైకిలు

ఇంకా ఐదు సైకిళ్ళున్నాయని డాక్టరుగారు చెబితే
మా చెల్లి గ్రేసమ్మ, పాపం, నా చేపల సైకిలు వైపు చూసింది.
మందు ఎక్కించడాన్నీ సైకిలంటారని
ఆ రోజే తెలిసింది మాకు, కాకినాడ ఆసుపత్రి మెట్ల మీద,
సువార్త నా భుజమ్మీద నిద్రపోతుండగా.

ఏడేళ్ళ పిల్ల. జడ ఉన్న రోజుల్లో
నా క్యారియరు మీద వెనక్కి తిరిగి కూచుని
దాటొచ్చిన ఊళ్ళకి టాటా చెప్పేది.

ధవళేశ్వరం నించి అంతర్వేది, మళ్ళీ వెనక్కి,
రాను పోను రెండొందల కిలోమీటర్లు, ఒక్క రోజులో.
రాజమండ్రి కుర్రాళ్ళు తొక్కుతున్నారు, ఇలాంటి పిల్లల కోసం.
వేలితో ఎత్తగలిగేంత తేలిక సైకిళ్ళు వాళ్ళవి.
నాది ఐసుపెట్టె మోసి మోసి నడుం వంగినది.
"వద్దులే బాబాయ్" అన్నారు, మర్యాదగానే.
ఇరవై రెండేళ్ళుగా తొక్కుతూనే ఉన్నానండి, ఆయ్,
ఎవరూ చప్పట్లు కొట్టలేదంతే.

చందాల పుస్తకం మేతల కొట్టు గుమస్తా రాశాడు.
ఐసు ఫ్యాక్టరీ వాళ్ళు కిలోమీటరుకి ఇరవై.
లాకుల లస్కరు రెండు రూపాయలు.
ఆత్రేయపురంలో పూతరేకులు చుట్టే వీర్రాఘవమ్మగారు ఐదు,
అదీ మధ్యలో దిగకపోతేనే.
దింపు తీసే పోతురాజు దగ్గర డబ్బు లేదు,
కిలోమీటరుకి ఒక కాయ అన్నాడు.
కాయలకి గడి లేదే, అని గుమస్తా కలం ఆపాడు.
గీయండి, అన్నాను.

రాత్రి రెండింటికి కదిలాం,
బేరేజీ దీపాలు నీళ్ళలో వణుకుతుంటే.
బొబ్బర్లంక దగ్గరే వాళ్ళ ఎర్రలైట్లు మాయం.
లొల్ల లాకులు ముందు చెవికి అందాయి, తర్వాత కంటికి.
కాలవ పక్కనే వస్తోంది, తొందర లేకుండా.
గన్నవరం అక్విడక్టు మీద తెల్లారింది.
కింద ఏరు, పైన కాలవ,
నీరు నీటిని దాటుకుంటూ పోతోంది.
చేపలతో రోజూ దాటేదే. ఆ రోజు ఆగి చూశాను.

తాటిపాక నించి ఎదురుగాలి.
తొడల్లో మంట, చెప్పుకోలేని చోట పుండు.
మలికిపురంలో ఒకాయన "ఏం చేపలు?" అంటూ మూత ఎత్తాడు.
లోపల గాలిపంపు, రెండు అరటిపళ్ళు, ఊలు టోపీ.
నీకు చలేస్తుంది మావయ్యా అని
సువార్త తన నెత్తి మీంచి తీసిచ్చింది.
ఇది అమ్మనండి, అన్నాను.
ఆయన మూత మెల్లిగా వేశాడు.

అన్నాచెల్లెళ్ళ గట్టు.
ఒక పక్క ఏరు, ఒక పక్క సముద్రం, మధ్య ఇసక గీత.
గ్రేసమ్మకి ఫోను చేశాను.
సగం అయిందే, అన్నాను.
"నాలుగోది ఎక్కుతోంది అన్నయ్యా, మాకూ సగమే" అంది.
వెనకాల మిషను కూత.
కాసేపు ఇద్దరం ఏం మాట్లాడలేదు.
అలలు తనకి వినబడే ఉంటాయి.

వచ్చేటప్పుడు ఆత్రేయపురం పొలిమేరలో
ఎడం పెడలు ఊడి చేతికొచ్చింది.
రాత్రి తొమ్మిది. కొట్లన్నీ కట్టేశారు.
సైకిలు నడిపించుకుంటూ ఆ గుమ్మం ముందు నించే పోవాలి మరి.
వీర్రాఘవమ్మగారు అరుగు మీదే ఉన్నారు.
"దిగావుగా" అన్నారు.
దిగానండి.
చెంబుతో నీళ్ళిచ్చారు. ఇంకో మాట లేదు.
మిగిలినదంతా నడిచాను.

మొత్తం ఎంతొచ్చిందో చెప్పను,
ఆసుపత్రి బిల్లులో అదొక వరస.
వీర్రాఘవమ్మగారి గడిలో మాత్రం వెయ్యి ఉంది,
రెండొందలకీ లెక్క, ఆవిడ సొంత దస్తూరీతో.
పోతురాజు కాయలు వలిచి, అమ్మి, డబ్బు తెచ్చాడు.
ఒక్క బొండాం మాత్రం చంకలో పెట్టుకుని
వార్డు గుమ్మం బయటే నిలబడ్డాడు,
"డాక్టరుగారు తాగించొచ్చన్నారా?" అని.

సువార్త నన్ను పైనించి కిందికి చూసి అడిగింది,
"నీ సైకిలప్పుడు నీకూ వాంతులయ్యాయా మావయ్యా?"
ఒకసారి, రాజోల్లో, అన్నాను. అబద్ధం కాదు.
నవ్వింది.
"నాకు మూడుసార్లు."

రేపు ఐదోది.
పొద్దున్నే వెళ్ళి పెడలు వేయించాలి.