సొంతదారు రాని పొట్లం

వారం దినాలు డిపో అల్మారాలో ఉండింది,
మొగిలి ఘాటు దిగినాక
వెనక సీటు కింద నాకు దొరికిన పాస్తా పొట్లం.
రిజిస్టర్లో నేనే రాసినాను:
వస్తువు ఒకటి, బరువు అర కిలో,
లోపల గొట్టాలు.
ఎవరూ రాలేదు.
"తినే సరుకు, పురుగు పడతాది,
ఎత్తకపో మునిలక్ష్మీ"
అన్నాడు క్లర్కు దొరస్వామి, సంతకం పెట్టించుకొని.

కూరగాయలు మాత్రం రూటే ఇచ్చింది.
వి.కోటలో ఎక్కిన ముసలాయన
లగేజీ టికెట్టుకు చిల్లర లేక
మట్టి వదలని క్యారెట్లు నాలుగు చేతిలో పెట్టినాడు.
ఆ ఇరవై నేనే సంచిలో వేసి
లెక్క సరిచేసినాను.
పలమనేరు దాటినాక ఒక క్రేటు పగిలింది.
టమోటాలు సీట్ల కింద పరిగెత్తినాయి,
బ్రేకు వేస్తే ముందుకు, ఎత్తెక్కితే వెనక్కి.
కాళ్ళెత్తండి, కాళ్ళెత్తండి అని
బస్సంతా వంగి ఏరి ఇస్తే
రైతు ఒక పది నా వైపు తోసినాడు.
బంగారుపాళెంలో దిగతా దిగతా
ఒకామె కొంగుముడి విప్పి
దోసెడు అనపకాయలు
టికెట్ మిషను మీదనే పోసేసింది.
మొన్న ఆమె కోసం
బస్సు ఒక నిమిషం ఆపినానంట.
నాకు గుర్తు లేదు.

మరుసటి దినం నాకు సెలవు.
రాత్రి నానేసిన అనపగింజల ముందు
మధ్యాన్నం నుంచే కూర్చుంది అత్త కుప్పమ్మ.
బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ
చిన్న నొక్కుడు,
తోలు వేళ్ళల్లో, పప్పు చట్టిలో.
కళ్ళు ఆనవు ఆమెకు, వేళ్ళే చూసుకుంటాయి.
మధ్యలో ఒక పాస్తా గొట్టం ఎత్తి
కిటికీ వెలుతురుకు పెట్టి చూసి
"లోపలిదంతా ఎవరో తినేసి
ఉత్త తోలు అమ్మినట్టుందే" అనింది.

పొట్లం మీద పది నిమిషాలని ఉంది.
అత్త పదిహేను అనింది.
పళ్ళు లేని నోటికి
సంగటైతే నమిలే పని లేదు,
చారులో ముంచి మింగేయడమే.
ఇది ఎట్లుంటాదో ఎవరికి తెలుసు.
ఉడికినాక వంచబోతే నా చెయ్యి పట్టుకుంది.
"గంజి పారబోస్తావా?
సారమంతా అందులోనే కదా!"
పొట్లం వెనక్కి తిప్పితే
చీమ తలకాయలంత అక్షరాల్లో అదే మాట:
ఉడికించిన నీళ్ళు ఒక గిన్నెడు పక్కన ఉంచుకోండి.
చదివి వినిపించినాను.
"వాళ్ళకూ ఒక అత్త ఉంటాది" అనింది.

చెనక్కాయ నూనెలో
దంచిన తెల్లగడ్డలు, తరిగిన ఎర్రగడ్డలు.
క్యారెట్లు చక్రాలు చక్రాలుగా.
టమోటాలు మొదట బిగుసుకొని
తరవాత తోలు వదిలి
కూలబడి మెత్తగా మాట్లాడతా ఉన్నాయి.
పితికిపప్పు విడిగా ఉడికించి పోసినాను.
కరేపాకు వద్దనుకున్నాను,
చెయ్యి ఊరుకోలేదు.
గంజి పోసి కలిపితే
నీళ్ళగా ఉండిన రసం చిక్కబడి
ప్రతి గొట్టాన్నీ పట్టుకుంది.
పైన చల్లమన్న జున్ను మన ఇంట్లో ఏడుంది,
వేయించిన చెనిగ్గింజలు నూరి చల్లినాను.

స్పూను పక్కన పెట్టి వేళ్ళతో తినింది అత్త.
ఒక గొట్టంలో పప్పుబద్ద దూరి ఇరుక్కుంటే
నాకు చూపించి నవ్వింది:
"దీనికి సీటు దొరికింది, చూడు."
రెండోసారి పెట్టమనింది.
ఉప్పు తక్కువ అని కూడా అనింది.

బోకులు కడగతా ఉంటే
ఆ సీటు గుర్తొచ్చింది, వెనక నుంచి రెండోది.
ఎవరో బిడ్డకని కొనుక్కొని ఉంటారు.
దిగే తొందరలో సంచి చూసుకొని ఉండరు.
వాకిట్లో ఎదురుచూసిన ఆ బిడ్డకు
ఆ రాత్రి ఏం పెట్టినారో,
ఏం చెప్పి పడుకోబెట్టినారో.
పొట్లం కాగితం కడిగి, తుడిచి
టికెట్ సంచిలో పెట్టుకున్నాను.
ఎవరన్నా వచ్చి అడిగితే
ఎట్లా వండినామో అయినా చెప్పొచ్చు.

లైటు తీసినాక చీకట్లో నుంచి అత్త:
"రేపు పొయ్యేటప్పుడు
ఆ సీటు కింద ఇంకోసారి చూడు."