ముప్పావంగుళం

మోటెల్ గదిలో హీటరు దగ్గుతోంది.
కిటికీ అవతల దక్షిణ డకోటా, మార్చి నెల,
పార్కింగు పొడవునా మురికిపట్టిన పాత మంచు.
డెబ్భై నాలుగో నంబరువాణ్ని
వెనక్కి తిప్పుతున్నాను, ముందుకి తిప్పుతున్నాను.

కోల్టర్ ట్వైట్. ఎడమ టాకిల్.
బంతి విసిరేవాడి వీపుకి కాపలా.
ఆరడుగుల అయిదంగుళాలు, మూడువందల తొమ్మిది పౌండ్లు.
చెయ్యి ముప్పై రెండుంబావు.
మా క్లబ్బు అడిగేది ముప్పై మూడు.
ముప్పావంగుళం తక్కువ.
బెత్తెడు కాదు, వేలెడు కాదు,
కొన్ని నెలలు గోళ్లు తీయకపోతే
సరిపోయేంత.

ఈ ఆటలో విసిరినవాడికి గజాలు,
పట్టినవాడికి గజాలు, పరిగెత్తినవాడికి గజాలు.
అడ్డం నిలబడ్డవాడి నంబరు
తప్పు చేసినప్పుడే మైకులో వినబడుతుంది.
నాలుగేళ్లలో ట్వైట్ బంతిని ముట్టింది ఒక్కసారి.
ఎవడో జారవిడిస్తే మీద పడ్డాడు.
లేచి, దాన్ని ఎవరికివ్వాలో తెలియక
చుట్టూ చూశాడు.

నేనూ బంతిని చూడను.
నిన్న ఎవరు గెలిచారని మా ఆవిడ అడిగేది,
నాకు తెలిసేది కాదు.
ఎవడి మడమ ఎప్పుడు నేల విడిచిందో
అది అడిగితే చెప్పేవాణ్ని.
అడగడం మానేసింది.

రెండో క్వార్టరు.
ఎదుటివాడు పొడుగు చేతులతో
పగ్గం తెంపుకున్నట్టు వస్తున్నాడు.
ట్వైట్ వెనక్కి జరుగుతున్నాడు, చిన్న చిన్న అడుగులు,
నిండు పాలగిన్నె మోస్తున్నట్టు.
ముందుగా చెయ్యి చాపడు.
అవతలి చెయ్యి రానిస్తాడు,
మణికట్టు కిందనుంచి ఎత్తి పక్కకి పారేస్తాడు.
పొట్టి చెయ్యి నేర్పుకున్న విద్య.
ఎంత చాచావో కొలతటేపుకి తెలుసు,
చెయ్యి తిరిగినవాడని
అది ఎవర్నీ అనలేదు.

అయితే ఇదీ రాయాలి.
నాలుగో క్వార్టరులో, అరవయ్యో ప్లే దాటాక,
ఎడమ పాదం బయటికి తిరుగుతుంది.
కొంచెమే. తలుపు ఓరగా వేసి మరిచిపోయినట్టు.
నవంబరులో ఒకడు ఆ సందులోంచే వచ్చాడు.
క్వార్టర్‌బ్యాక్ భుజం.
టేపులో శబ్దం ఉండదు.
ట్వైట్ మోకాళ్లమీద కూలబడి,
పడ్డవాడి మొహంమీద మంచు రాలకుండా
అరచెయ్యి అడ్డం పెట్టాడు,
స్ట్రెచర్ వచ్చేదాకా.
దానికి మా ఫారంలో గడి లేదు.

కోచులు మంచివాడన్నారు. కోచులు అందర్నీ అంటారు.
నేను బట్టలుతికే గదికి వెళ్లాను.
వెల్డా ప్రీబ్, పందొమ్మిదేళ్లుగా ఆ మెషిన్ల దగ్గరే.
"వాడి జెర్సీ ఛాతీ దగ్గర మాసుతుంది," అంది,
"వీపు మాసదు."
మడత పెడుతూ, కాసేపాగి,
"ఆ ఒక్క వారం ప్యాంటు మోకాళ్లు.
ఎంత ఉతికినా పోలేదు."

కుర్రాడు నన్నడిగింది ఒకే ఒక్కటి.
"మీరూ లైన్‌మనే కదా?
మెట్లు దిగుతుంటే చూశాను."
అవునన్నాను.
"మోకాళ్లు ఎప్పట్నుంచి?"
ముప్పై ఒకటో ఏటి నుంచి.
తలూపాడు, సంతలో ధర విని
ఇంకా కొనాలనే ఉన్నవాడిలా.

రాత్రి పదకొండు. ఫారం పంపాలి.
చేతి పొడవు దగ్గర ఉన్నదే రాశాను,
పావంగుళం కూడా కలపలేదు.
పాదం సంగతి రాశాను.
ఆరో రౌండు అని రాసి, కొట్టేసి, అయిదు చేశాను.
ఒక్క మాటలో చెప్పమనే గడిలో
"నిలదొక్కుకుంటాడు" అని రాశాను.
ఎవరూ చదవని గడి అది.

హీటరు ఆగిపోయింది.
లేచి దాన్నొకటి తన్నాలి, మోకాలు వద్దంది.
నవంబరు ప్లేని ఇంకోసారి వెనక్కి తిప్పాను.
వెనక్కి తిప్పితే అందరూ లేస్తారు.
మంచు పైకి వెళ్లిపోయింది.
క్వార్టర్‌బ్యాక్ నేల విడిచి నిలబడ్డాడు,
వచ్చినవాడు వచ్చిన సందులోంచే వెళ్లిపోయాడు,
ఎడమ పాదం లోపలికి, లోపలికి,
తిన్నగా అయింది.

అక్కడ ఆపాను.