పద్నాలుగో మేకు

వచ్చేటప్పుడు పద్నాలుగు.
సోమవారం పొద్దున, మంచు ఆరని పచ్చిక మీద
బరకం పరిచి లెక్కపెడితే పదమూడు.
మళ్ళీ లెక్కపెట్టాను.
పదమూడే.

డేరా మా మేనత్త టెగ్వెన్‌ది.
నాకంటే పదకొండేళ్ళు పెద్దది.
మూరెడు చిరుగుకి ఆమె వేసిన మాసిక
నల్లటి గొడుగు గుడ్డ.
పక్కన నేను వేసింది పాత రెయిన్‌కోటు ముక్క.
ఆ రెండింటి నడుమ వాన దారి కనిపెట్టి
శనివారం రాత్రంతా నా చెంప మీద తాళం వేసింది.
"ముప్ఫై పౌన్లకి కొత్తదొస్తుంది కదా"
అంది పక్క డేరా పిల్ల.
ఆమెది నీలం డేరా.
ఆమె వెళ్ళిపోయింది. డేరా ఉండిపోయింది.

అదొక్కటే అయితే బాగుండు.
నిన్న రాత్రి దాకా పాడిన కొండవాలు
నోరు తెరుచుకుని నిద్రపోతోంది.
జిప్పు తీసిన గుమ్మాలు,
గాలి పోయిన పరుపులు,
ఒక ఎర్ర బూటు, దాని జత ఏమైందో.
ఎవరి బుగ్గల మీదో మెరిసిన పొడి
ఇప్పుడు వానపాముల వీపు మీద.

నేనేం పుణ్యాత్మురాలిని కాను.
మూడు బస్సులు మారి వచ్చానని
మొదటి రాత్రే నలుగురికి చెప్పాను.
నీళ్ళ సీసా సొట్టని పతకంలా చూపించాను.
శుక్రవారం చలికి తాళలేక
ప్లాస్టిక్ తొడుగొకటి కొన్నాను కూడా.
అది సంచి అడుగున ఉంది,
ఎవరికీ చెప్పని మాటలా.

కానీ మేకు సంగతి వేరు.
అది ఇక్కడే ఎక్కడో ఉంది.

మోకాళ్ళ మీద వెతుకుతున్నాను.
తొమ్మిదీ నలభై బస్సు
మలుపు దగ్గర రెండుసార్లు పిలిచి
వెళ్ళిపోయింది. ఇంకొకటి మూడింటికి.

అప్పుడొచ్చాడు పొలం ఆసామి ఇద్వల్.
కర్రకి తాడు, తాడు చివర పిడికెడు అయస్కాంతం.
ముసలి కుక్కని తిప్పుతున్నట్టు
దాన్ని గడ్డి మీద తిప్పుతూ.
"ఎన్ని పోయాయి?"
"ఒకటి."
ఆగి నన్నోసారి చూశాడు.
ఏదో అనబోయి, ముక్కు చీదుకున్నాడు.

నడుస్తూ ఆవుల సంగతి చెప్పాడు.
ఆవు ముందు మింగుతుంది,
తీరిక దొరికాక నెమరేస్తుంది.
నాలుక చుట్టి లాగిన గడ్డితో పాటు
ఏదొస్తే అది లోపలికి.
అందుకే ఒక్కోదాని చేత
వేలెడు అయస్కాంతం మింగిస్తాం.
బతికినన్నాళ్ళూ పొట్టలోనే ఉంటుంది,
మీ ముక్కల్ని పట్టుకుని,
గుండె వైపు పోనీకుండా.

గుండె వైపు, అన్నాడు.
మబ్బు పట్టిందని చెప్పినంత మామూలుగా.

"మీ అత్త మేకులు ఇనపవి.
పిలిస్తే పలుకుతాయి.
ఈ కొత్తవన్నీ అల్యూమినియం,
అయస్కాంతం మాట వినవు.
వాటికి నా కళ్ళే గతి.
నా కళ్ళా, చూశావుగా."

టిక్, అంది తాడు చివర.
నేను చెయ్యి చాచాను.
తుప్పు పట్టి, వంకర తిరిగి, తల చితికిన మేకు.
మాది కాదు.
ఎవరిదో, ఏ ఏటి పాటదో.
నా పదమూడు పక్కన పెడితే
పద్నాలుగు అయింది.
అయినా లెక్క సరిపోలేదు.

మూడింటి దాకా
అయస్కాంతం వినిపించుకోని వాటి కోసం
నా కళ్ళు అతనికి అరువిచ్చాను.
నీలం డేరా చుట్టూ తొమ్మిది,
గేటు దాకా మరో ముప్ఫై రెండు.
జేబులు జారిపోతుంటే
ఒక చేత్తో నడుం పట్టుకుని నడిచాను.

"దియోల్ఖ్" అన్నాడు గేటు దగ్గర.
మా భాషలో కృతజ్ఞత
గొంతు గీరుకుంటూ బయటికొస్తుంది.

వెనక్కి చూస్తే
నేను పడుకున్న చోట
పచ్చికలో నా డేరా కొలత,
పాలిపోయిన పసుపు చదరం.
దాన్ని ఏ సంచిలో తెచ్చుకోను?

ఇది జరిగి మూడు వారాలు.
రోజూ పొద్దున టీలో పాలు పోస్తుంటే
చెయ్యి కాస్త ఆగుతుంది.
అక్కడ, తడిసిన వాలు మీద,
ఒక ఆవు తల వంచుతూ ఉంటుంది.