ఎడమవైపు గీత

కుడి కంటి పొర తీసిన నాలుగో వారం
చార్టులో చివరి వరస చదివించి
డాక్టర్ నుస్రత్ అన్నది:
"పగటిపూట, దగ్గర్లో అయితే నడుపుకోండి.
ఎడమది కూడా అయ్యేదాకా రాత్రి మాత్రం వద్దు."

వారాసిగూడ గల్లీలో
కారు మీద గుడ్డ లాగాను.
పాత ఎనిమిదొందల కారు.
ఎండకు రంగు మారి గోధుమకు తిరిగిందనుకున్నా.
తెల్లగానే ఉంది.
ఆ పసుపు నా కంటిది.

ఎడమ తలుపు మీద జానెడు గీత.
గీతలో ఆకుపచ్చ పెయింటు.

రెండేళ్లు నేను కళ్లతో నడపలేదు,
లెక్కతో నడిపాను:
పద్మారావునగర్ మలుపు దాటాక రెండు గుంతలు,
పార్సీగుట్ట దగ్గర స్పీడ్ బ్రేకరు,
మెట్టుగూడలో బ్రిడ్జి కింద చీకటి, అక్కడో హారన్.
ఎదురొచ్చే లైటు ఒక్కోటీ
పీచుమిఠాయిలా ఉబ్బి అద్దమంతా అంటుకునేది.
అందులోంచి మనుషులు
ఆఖరి క్షణంలో పుట్టేవాళ్లు.
రోడ్డు దాటడం కూడా రాదా అని తిట్టేదాన్ని.
ఊళ్లో పొగ పెరిగిందని,
వీధి బల్బులు దండగని,
మా ఆయన అద్దం సరిగ్గా తుడవలేదని.

టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ముప్పై ఏళ్లు
హలో అన్న గొంతును బట్టి
మనిషిని పోల్చినదాన్ని.
చూడకపోయినా తెలుస్తుందని పొగరు.

గోరుతో గీకితే ఆకుపచ్చ పొడి రాలింది.
బోనాల వారం. వాన. రాత్రి ఎనిమిదిన్నర.
టక్కుమని ఒక చప్పుడు.
గుంత అనుకున్నా, నా లెక్కలో లేని గుంత.
ఆపలేదు.

గుడ్డ మళ్లీ కప్పేసి
నల్లద్దాలు పెట్టుకుని నడిచి వెళ్లాను.
పార్సీగుట్ట మూల మీద మొగిలయ్య మిర్చిబండి.
ఆకుపచ్చ.
ఓ మూల రేకు లోపలికి వంగి,
దానికి సైకిల్ ట్యూబు చుట్టి ఉంది.

"ఇదేమైంది?"
"ఎవడో కారోడు గుద్దిపోయిండమ్మా నిరుడు.
మూకుడు అప్పుడే దించిన, బతికిపోయినం.
మా చిన్నది గా పక్కనే కూసోని
హోంవర్కు చేసుకుంటుండె."

ఎవడో, అన్నాడు.
పొట్లం నా చేతిలో పెట్టాడు.
నూనె తాగిన కాగితం మీద
పిల్ల రాసిన ఎక్కాలు:
పదమూడు ఏళ్లు తొంభై ఒకటి దాకా చదివాను,
ఒక్క తప్పూ లేదు.

"ఎవడో కాదు, మొగిలయ్యా."
మిగతాది చెప్పాను. ఎలా చెప్పానో గుర్తులేదు.

జల్లెడ గరిటె నూనెలోనే ఆపి
నా అద్దాల్లోకి చూశాడు, చాలాసేపు.
"ఇప్పుడు కనవడ్తదా?"
"కుడిది. ఎడమది పద్దెనిమిదో తారీకు."
"గప్పటిదాంక బండి తియ్యకు."
రేకు బాగుకని నేను తీసిన డబ్బుల్లోంచి
మిర్చీల ఇరవై మాత్రం తీసుకున్నాడు.

పిల్ల స్టూలు
ఇప్పుడు గోడ వైపు వేసి ఉంది.
దాని కాళ్ల కింద, తడి మట్టిలో,
నాలుగు గుంటలు.
అంత చిన్నవి కూడా కనిపిస్తున్నాయి.