వాడకం ఏమిటి

ఫ్రీమాంటల్ రేవులో నా ఉద్యోగం
పురుగుల్ని వెతకడం.
బుట్టలో, బొమ్మలో, సంచి కుట్టులో దాక్కుని
ఈ దేశంలోకి చెప్పకుండా దిగేవాటిని
పట్టకారుతో పట్టి, సీసాలో వేసి
పేరు రాయడం.

ఆ మంగళవారం తెరెంగాను నుంచి వచ్చిన పెట్టె.
కాగితం మీద: మలయ్ హస్తకళలు, నూట పన్నెండు.
జరీ సొంకెట్ గుడ్డలు దాటిపోయాయి.
మైనం మరకల బాతిక్ తెరలు దాటిపోయాయి.
అడుగున నెలవంక తగిలించుకున్న గాలిపటం ఒకటి,
దాని వెదురు పుల్లలో బెజ్జం చూసి పక్కన పెట్టాను.
అన్నిటికీ కింద, చాపలు.

మొదటిది విప్పగానే
ముక్కు గుర్తుపట్టింది, బుద్ధి తర్వాత.
మొగలి.
పువ్వు కాదు, ఆకు.
జడలో కుట్టిన రేకుల వాసనకి
పెద్దగా మాట్లాడని మేనత్తలాంటి వాసన.
వాళ్లు మెంగ్‌కువాంగ్ అంటారట.
ముల్లు మాత్రం ఏ భాషలోనైనా ముల్లే:
అంచులకి రెండు వరసలు, నడిమి ఈనెకి ఒకటి.
ఎవరో ఒకామె ఆ రంపాన్ని గీసి, చీల్చి, దంచి,
నానేసి, ఎండేసి,
ఒకటి పైకి ఒకటి కిందికి పోనిచ్చింది.
భూతద్దం పెట్టి జానెడు జానెడూ వెతికాను.
ఎక్కడా చెయ్యి తడబడలేదు.
తడబడితే నా పని తేలికయ్యేది,
పురుగు చేరేది వదులైన చోటే.

ఫారంలో ఒక గడి: వాడకం ఏమిటి?
దిగుమతిదారు జూడిత్ ప్రెంటిస్‌కి ఫోన్ చేశాను.
"గోడకి," అంది.
"చాపండీ ఇది."
"అందుకేగా! నేల మీద వేస్తే పాడైపోదూ?"
అలంకరణ, అని నొక్కాను.

పదకొండో చాప మడతలో గుడ్లు,
ఆవగింజని నాలుగు చేసినంత.
మూడు దారులు చెప్పాను: మందు పొగ, తిరుగు ఓడ, మంట.
పొగ అంది.
సంతకం నాది.
తలుపు తీసేసరికి పురుగూ లేదు, మొగలీ లేదు.

ఆదివారం విహార నౌక వచ్చింది.
మార్కెట్ వీధిలో జూడిత్ కొట్టు, గోడ మీద నా పదకొండో చాప,
మెడలో మూడొందల నలభై డాలర్ల బిళ్ల.
ఓడలు తగ్గాయని ఆమె వాపోయింది, ఇలాగైతే కష్టమని.
దానికి మా భాషలో చాప చుట్టేయడం అంటారని
చెప్పబోయి ఊరుకున్నాను.

అంచు మరమ్మతుకి రొకైయా వచ్చింది, కటానింగ్ నుంచి.
అక్కడ వారమంతా గొర్రె మాంసం ఫ్యాక్టరీ,
ఓడ వచ్చిన ఆదివారం ఇక్కడ.
జనం ఫోన్లు ఎత్తారు.
"అసలైనదేనా?" టోపీ పెట్టుకున్న ఒకాయన.
జూడిత్ బిళ్ల తిప్పి చూపించింది: చేతిపని.
రొకైయా చాపని ముక్కు దగ్గర పెట్టుకుని
చాలాసేపు తీయలేదు.
"ఎవరు చంపారు దీన్ని?"

నేను పక్క కొట్టులో తేనె సీసాల ధరలు చదివాను.
అన్నీ చదివాను.

ఆమె దాన్ని గోడ మీంచి దించింది.
సిమెంటు మీద పరిచి, నీళ్లు చిలకరించి,
మధ్యలో బాసింపట్టు వేసుకుని కూర్చుంది,
అంచులోకి కొత్త ఆకు దూరుస్తూ.
టోపీ ఆయన వంగి చూడబోతే
తలెత్తకుండా అంది: "బూట్లు."
విప్పాడు. ఆయన భార్యా విప్పింది.
ఇంకో నలుగురు.
మేజోళ్ల వరస, ఒకదానికి బొటనవేలి దగ్గర చిరుగు.
జూడిత్ "మూడొందల నలభై" అని ఎవరికి చెప్పిందో తెలియదు.
బిళ్ల అప్పటికే రొకైయా మోకాలి కింద ఉంది.
ఎవరూ ఫోటో తీయలేదు,
తీయడానికి ఎవరూ నిలబడి లేరు.

నేనూ విప్పాను.
ఒక మూల జరిగి చోటిచ్చింది,
నా మెడలోని గుర్తింపు కార్డు చదివి కూడా.
కూర్చున్నాక చేత్తో ఆకుని రుద్ది చూశాను.
తడికి, ఎక్కడో అడుగున,
ఉందనిపించింది. లేదేమో.

సోమవారం ఇంకో పెట్టె, ఇంకో గడి.
కూర్చోవడానికి, అని కొట్టాను.
కంప్యూటర్ ఒప్పుకోలేదు.
ఇచ్చినవాటిలోనే ఎంచుకోవాలట:
అలంకరణ, పరిశోధన, ఇతరం.

ఇతరం.